ఆర్గన్ వెనక అమ్మమ్మ

తొంభై నాలుగు అక్టోబరులో ఒక ఆదివారం మా అమ్మమ్మ సిల్‌బోన్, ఖాసీ కొండల్లోని మావ్‌ల్యాంగ్ చర్చిలో ఆర్గన్‌కీ స్తంభానికీ మధ్య ఇరుక్కుపోయింది. గంటా పది నిమిషాలు అలాగే ఉంది. ఆ గంటా పది నిమిషాల్లో సంఘం పదకొండు కీర్తనలు పాడింది, ఏడుగురు ఏడ్చారు, ఒక పొలం గట్టు రాయి తన పాత చోటికి వెళ్లడానికి ఒప్పుకుంది. అమ్మమ్మ ఇరుక్కుందన్న సంగతి మాత్రం ఎవరి కంటా పడలేదు.

నా కంట పడింది. ఇరికించింది నేనే కనుక.

ఆ వారం చర్చికి సున్నం వేశారు. అందుకోసం ఆర్గన్‌ని పక్కకి జరిపిన పెద్దలు, తిరిగి పెట్టేటప్పుడు స్తంభం వైపు జానెడు ఎక్కువ నెట్టారు. అమ్మమ్మ ఎప్పట్లాగే అందరికన్నా ముందొచ్చి, పక్కకి ఒదిగి ఒదిగి లోపలికి దూరి, స్టూలు మీద కూర్చుంది. ఆమె దూరిన సందు ఖాళీగా కనబడేసరికి నేను అక్కడికి సండే స్కూలు బల్ల ఈడ్చుకొచ్చి, ఎనిమిది మంది పిల్లల్ని వరసగా కూర్చోబెట్టాను. వాళ్ల బరువుకి బల్ల కాలు నేల చెక్కల మధ్య నెర్రెలో దిగబడింది. ఇరవయ్యొక్కేళ్ల దాన్ని, సండే స్కూలు టీచర్ని, చాలా చక్కగా సర్దానని మురిసిపోయాను.

మా చర్చిలో ఒక అలవాటుంది. ఆశీర్వాదం అయిపోయాక కూడా, ఆర్గన్ ఆగి, వాయించే మనిషి లేచి నిలబడేదాకా ఎవరూ గుమ్మం వైపు కదలరు. ఆవేళ అమ్మమ్మ చివరి కీర్తన ముగించి లేవబోయింది. మోకాళ్లు ఆర్గన్‌కి తగిలాయి. వీపు స్తంభానికి తగిలింది. భుజం మీద ముడివేసుకున్న గళ్ల గుడ్డ వెనకాల మేకుకి పట్టుకుంది. ఎదురుగా మూడొందల మంది పాటల పుస్తకాలు సంచుల్లో పెట్టేసుకుని, ఆమె లేస్తే ఇళ్లకి పోదామని చూస్తున్నారు.

అమ్మమ్మ మళ్లీ కూర్చుని ఇంకో కీర్తన ఎత్తుకుంది. మూడొందల పుస్తకాలూ సంచుల్లోంచి బయటికి వచ్చాయి.

"దారిషా, బల్ల తియ్యి," అంది నా వైపు చూడకుండా.

"రావట్లేదమ్మమ్మా. కాలు దిగబడింది."

"గట్టిగా లాగు."

"లాగితే చప్పుడవుతుంది. అందరూ ఇటే చూస్తారు."

అమ్మమ్మ ఒక చరణం పాటు ఆలోచించింది.

"అయితే పేజీ తిప్పు," అంది.

నాలుగో కీర్తనకి జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పొయ్యి మీద నల్లనువ్వుల పందికూర వదిలి వచ్చిన ఆడవాళ్లు గుమ్మం వంక చూశారు. ఆరో కీర్తనకి వెనక వరసలో ఒక ముసలావిడ ఏడవడం మొదలుపెట్టింది. మా కొండల్లో ఉజ్జీవం అనే మాట చిన్నప్పటినుంచీ వింటాం. మా తాతముత్తాతల కాలంలో పాట ఆగకుండా సాగిందనీ, జనం ఏడ్చారనీ, పాపాలు ఒప్పుకున్నారనీ ఇంటింటా చెప్పుకుంటారు. అది మళ్లీ వస్తుందని ప్రతి తరమూ ఎదురు చూస్తుంది. అందుకే పాట ఆగకపోతే మావాళ్లకి తట్టేది ఒక్కటే. వాయించే మనిషికి లేవడానికి చోటు లేదేమో అన్నది ఎవరికీ తట్టదు.

తొమ్మిదో కీర్తన మధ్యలో బా బ్రిన్‌స్టార్ లేచి నిలబడ్డాడు. సంఘ పెద్ద. మా దగ్గర పెద్ద మగవాళ్లని 'బా' అనీ, ఆడవాళ్లని 'కాంగ్' అనీ గౌరవంగా పిలుస్తాం. అరవై దాటిన మనిషి. వానాకాలంలో గొడుగు అడిగినా ఇవ్వనివాడు. ఆయన అందరి ముందూ, ఇరవై ఏళ్ల కింద తన బంగాళాదుంపల పొలం గట్టు రాయిని రెండు మూరలు పొరుగువాడి వైపు జరిపానని ఒప్పుకున్నాడు. ఆ పొరుగువాడు బా క్రెస్ పక్క వరసలోనే ఉన్నాడు. ఇద్దరూ కావిలించుకున్నారు. ఇరవై ఏళ్లుగా ఆ రెండు ఇళ్లవాళ్లూ ఒకరి చావుకి ఒకరు వెళ్లలేదు. మా దగ్గర అంతకన్నా పెద్ద పగ లేదు.

పదకొండో కీర్తనకి ఎనిమిది మంది పిల్లలూ ఆకలేసి బల్ల దిగి పారిపోయారు. బరువు తగ్గిన బల్లని పైకి ఎత్తాను. అమ్మమ్మ భుజం గుడ్డని ఒక్క గుంజు గుంజి, లేచి నిలబడింది. జనం "ఆమెన్" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆమె పెద్దల్ని ఒకటి అడగాలనుకుంది. నాకు ఆర్నెల్లుగా తెలుసు. ఏటా మా సంఘాలన్నీ ఒక మహాసభ పెట్టుకుంటాయి. ఒక్కో ఏడు ఒక్కో చోట. కొండ వాలు మీద ఆరుబయటే. వేలమంది నాలుగు గొంతుకల్లో పాడతారు. ఆ ఏడు జైంతియా కొండల్లో. గురువారం పొద్దున్న మా ఊరినుంచి లారీ వెళ్తోంది. అమ్మమ్మకి డెబ్భై రెండేళ్లు. ఒక్కసారి వెళ్లి, ఆ వేలమందిలో నిలబడి, ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది గొంతు, పాడాలని ఆమె కోరిక. యాభై రెండేళ్లలో ఊళ్లో సగం మంది ఆడపిల్లలకి డో-రే-మీ అక్షరాల పుస్తకంలోంచి ఆ రెండో గొంతు నేర్పింది. తను ఎన్నడూ పాడలేదు. ఆర్గన్ వాయించేవాళ్లకి పాడటానికి ఊపిరి మిగలదు, రెండు కాళ్లూ తొక్కుతూనే ఉండాలి. ఆ వారం ఆమె బదులు వాయించడానికి నన్ను ఆర్నెల్లు తయారు చేసింది. నాకు మూడు కీర్తనలు వచ్చాయి. అందులో రెండు తప్పుల్లేకుండా.

ఇక్కడ మా అమ్మమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ఆమె వాళ్లింటికి ఆఖరి కూతురు. మా ఖాసీలలో ఇల్లు ఆఖరి కూతురిది. పైనుంచి చూస్తే గొప్ప అదృష్టం. అక్కలు పెళ్లయ్యాక వేరే కాపురాలు పెట్టుకుంటారు, అన్నలు అత్తవారిళ్లకి పోతారు. ఆఖరిది ఇంటితో ఉంటుంది. తల్లి మంచాన పడితే ఆమె చూడాలి. పెళ్లి కాని మేనమామ ముసలివాడైతే ఆమె చూడాలి. అన్న భార్యతో పోట్లాడి వస్తే ఆమె వండిపెట్టాలి. ఎవరు చచ్చినా శవం ఆ ఇంటికే వస్తుంది. పొయ్యి ఆరకూడదు, తలుపు మూయకూడదు. పంతొమ్మిదో ఏట ఒక దొరసాని అమ్మమ్మ చేతివేళ్లు చూసి, దూరాన ఉన్న బడిలో సంగీతం చదవడానికి చోటు ఇప్పించింది. పెట్టె సర్దుకున్న వారానికి వాళ్లమ్మకి పక్షవాతం వచ్చింది. పెట్టెలో బట్టలు తీసి బియ్యం పోసుకున్నారు. మరుసటేడు చర్చికి ఆర్గన్ వచ్చింది. ఇల్లు కదలని మనిషి ఎవరా అని చూసి, దాన్ని ఆమెకి అప్పజెప్పారు.

మా తాత నెమ్మదైన మనిషి. ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్లు చుట్టంలా మసిలి, చుట్టంలాగే చెప్పాపెట్టకుండా పోయాడు. నలుగురు పిల్లలు. ప్రతి పూటా కుండలో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసేది. ఊళ్లో ఎవరు పోయినా మొదట కబురు ఆమెకే. శవం పక్కన కూర్చుని మూడు రోజులు పాటలు ఎత్తించేది, మధ్యలో వచ్చినవాళ్లందరికీ వక్కలు కత్తిరించి ఆకులు చుట్టేది. ఏడ్చేవాళ్లకంటే పాడేవాళ్లు ఒక శృతి పైన ఉండాలని ఆమె లెక్క. "లేకపోతే ఏడుపే గెలుస్తుంది," అనేది.

సరే, ఆ ఆదివారం మధ్యాహ్నం. పెద్దలు ఐదుగురూ మా వంటింట్లో పొయ్యి చుట్టూ కూర్చుని పాలులేని టీ తాగుతున్నారు. అమ్మమ్మ లారీ మాట ఎత్తింది.

బా బ్రిన్‌స్టార్ కప్పు కింద పెట్టాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఈ వారమా, కాంగ్? ఆత్మ దిగివచ్చిన వారమా? రేపట్నుంచి రోజూ సాయంత్రం కూడికలు పెడుతున్నాం."

"దారిష వాయిస్తుంది," అంది అమ్మమ్మ.

ఐదుగురూ నా చేతుల వంక చూశారు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"పిల్ల మంచిదే," అన్నాడు ఇంకో పెద్ద. "కానీ ఆత్మ మీ వేళ్లల్లోకి వచ్చింది కదా. దాన్ని ఈ పిల్ల వేళ్లల్లోకి రమ్మని మనం ఎలా అడుగుతాం?"

అమ్మమ్మ వాళ్ల కప్పుల్లో మళ్లీ టీ పోసింది. వాళ్లు వెళ్లాక నేను పొయ్యి దగ్గరే గొంతు తగ్గించి అన్నాను, "ఇరుక్కున్నానని చెప్పెయ్, అమ్మమ్మా. బల్ల నేనే పెట్టానని నేనూ చెప్తాను. కూడికలు ఆగిపోతాయి. నువ్వు లారీ ఎక్కొచ్చు."

"చెప్తే బ్రిన్‌స్టార్ ఏమవుతాడు?"

"ఏమవుతాడు? తప్పు ఒప్పుకున్నాడు. మంచిదే కదా."

"దేవుడి కోసం ఒప్పుకున్నాననుకున్నాడే. సండే స్కూలు బల్ల కోసం ఒప్పుకున్నానని తెలిస్తే తల ఎత్తుకుంటాడా? క్రెస్ భార్య ఇప్పుడే ఆ ఇంటికి ఎండుచేపల పచ్చడి పట్టుకెళ్లింది. ఇరవై ఏళ్ల తర్వాత." అమ్మమ్మ భుజం గుడ్డ విప్పి చూసుకుంది. అంచున జానెడు ముక్క లేదు. మడిచి పెట్టెలో అడుగున పెట్టింది.

సోమవారం వాయించింది. మంగళవారం వాయించింది. బుధవారం పక్క ఊరినుంచి కూడా జనం వచ్చారు. పాట ముగిసి లేచినప్పుడల్లా, ఇంకా రానుందేమో అన్నట్టు అందరూ ఆమె మొహంలోకి చూసేవాళ్లు. ఆమె మళ్లీ కూర్చునేది. పేజీలు తిప్పే నాకు, ఆమె పెదాలు ఆల్టో పదాల మీద కదలడం కనిపించేది. గొంతు వినిపించేది కాదు. గురువారం పొద్దున్న లారీ మా ఇంటిముందే ఆగింది. ఆమె చోటు ఖాళీగా పోవడం ఎందుకని నన్ను ఎక్కించింది. దారికి అన్నం పొట్లం, కత్తిరించిన వక్కలు ఇచ్చి, "మూడో రోజు అందరూ కలిసి పాడేటప్పుడు మధ్యలో నిలబడు. అంచున నిలబడితే ఒక గొంతే వినిపిస్తుంది," అంది. నేను మధ్యలోనే నిలబడ్డాను. పాడలేకపోయాను. చుట్టూ వేల గొంతులు, నాకు స్టూలే కనబడుతూ ఉంది.

తిరిగొచ్చిన సాయంత్రం వంటింట్లో ఆ పాట ఎలా ఉందో ఆమె నాలుగు గొంతుకలూ విడివిడిగా అడిగి చెప్పించుకుంటోంది. అప్పుడు బా బ్రిన్‌స్టార్ వచ్చాడు. ఆర్గన్ వంకరగా ఉందని ఆవేళ పొద్దున్న ఆయనే దాన్ని జరిపాడట. చేతిలో ఆకుపచ్చా తెలుపూ గళ్ల గుడ్డ ముక్క ఉంది. స్తంభం మేకుకి చిక్కుకుని దొరికింది. దాన్ని అమ్మమ్మ ఒడిలో పెట్టి, పీట మీద కూర్చున్నాడు.

"ఎంతసేపు?" అన్నాడు.

"పదకొండు కీర్తనలు," అంది.

"నేను తొమ్మిదో దాంట్లో లేచాను."

"చూశాను, బా. వక్క వేసుకో."

ఆయన వక్క వేసుకోలేదు. "రాయి ఇక వెనక్కి తేలేను. క్రెస్ ఇంట్లో ఇప్పటికి మూడుసార్లు భోంచేశాను. మీ లారీ కూడా వెనక్కి తేలేను." అప్పుడు కోపం వచ్చింది పాపం, ఎవరి మీదో తెలియని కోపం. "ఇరుక్కున్నానని ఒక్క మాట చెప్పకూడదా, కాంగ్? మేమంతా అక్కడే ఉన్నాం కదా, లాగేవాళ్లం కదా."

అమ్మమ్మ ఆ గుడ్డ ముక్కని మోకాలి మీద పరిచి, ముడతలు సాపుచేసింది.

"యాభై రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాను బా, మీరంతా పాట బాగుందన్నారు."