మనసును మెదడులోనే వెతికిన మామ

బోధన్‌లో మామ పోయాడని మొన్న కబురొచ్చింది. తెచ్చినవాడు ఆయన అన్న కొడుకు. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, చిన్నబాపు పోయిండు. నిద్రలనే పోయిండు. పిట్టకు పెట్టొద్దని ముందుగాల్నే నీకు చెప్పిండట, నిజమేనా?" అని అడిగాడు. నిజమేనన్నాను. మా దిక్కు మనిషి పోయిన మూడోనాడు ఆ మనిషికి ఇష్టమైనవి వండి విస్తట్లో పిట్టకు పెడతారు. కాకి ముట్టేదాకా అందరూ ఎదురుచూస్తారు. ముట్టకపోతే పోయినవారి మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. "పోయినంక మనసేడిది, కోరికేడిది" అనేవాడు మామ. ఆ మాట మీద నిలబడి ఆయన ఎంత ఒంటరివాడయ్యాడో చూసినదాన్ని కనుక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో మా పక్కిల్లు. మా బాపు బాయిలర్ దగ్గర పనిచేస్తే, ఆయన ల్యాబులో. చెరుకు రసంలో చక్కెర ఎంతుందో గాజు గొట్టాల్లో పరీక్షించి చెప్పడం ఆయన పని. క్వార్టర్ల పిల్లలందరికీ ఆయన మామ, ఆయన భార్య అత్తమ్మ. వాళ్లకు పిల్లలు లేరు, మేమే ఆ ఇంటి మీద పడి తినేవాళ్లం. చలికాలం చెరుకు బండ్లు బారులు తీరి, ఊరంతా చెరుకు మడ్డి వాసన కొడుతుంటే, మామ వాకిట్లో కుర్చీ వేసుకుని వాదన మొదలుపెట్టేవాడు.

"దిల్ అంటే ఏంది? నెత్తురు తోడే పంపు. గసుంటియి ఫ్యాక్టరీల మస్తున్నయి. దుఃఖమైనా సంతోషమైనా దిమాగ్‌ల అయ్యే పనే. నమ్మవా? కల్లు తాగినోన్ని సూడు. కడుపులకు పోయింది కల్లు, మారింది మనసు. మనసు వేరే ఉంటే కల్లు దాన్నెట్ల ముట్టె?"

అత్తమ్మ బియ్యం చెరుగుతూ, "అయితే నా కోపం గూడ గొట్టంల పోసి సూడు, ఎన్ని డిగ్రీలున్నదో" అనేది. ఒకనాడు మాత్రం చేట పక్కన పెట్టి అడిగింది. "నీ గొట్టం రసంల చక్కెర ఎంతున్నదో చెప్తది. తియ్యగున్నదని గొట్టానికి ఎర్కనా?" మామ ఊరికే ఓటమి ఒప్పుకునే రకం కాదు. ఆరోజు మాత్రం నవ్వి, "దానికి జవాబు ఇంకా దొరకలే. దొరుకుతది" అన్నాడు. నేను తర్వాత నిజామాబాద్‌లో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పడానికి చేరాను. ఆ ప్రశ్నకు జవాబు నాకూ ఇంతవరకు దొరకలేదు.

తర్వాత కొన్నేళ్లకు అత్తమ్మ మారిపోయింది. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, మొగుడు అన్నంలో విషం కలుపుతున్నాడని వాకిట్లోకొచ్చి అరిచేది. గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు. అత్తమ్మ అక్క మంత్రగాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది, వేపకొమ్మలతో సహా. మామ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "కాలిరిగినోన్ని కొమ్మలతోటి కొడ్తరా? గిది గూడ గంతే. దయ్యం గాదు, ఆమె తప్పు గాదు. దిమాగ్‌ల ఏదో అయింది." హైదరాబాద్ తీసుకుపోతే మెదడులో గడ్డ అని తేలింది. తీయడానికి వీల్లేని చోట ఉందట.

ఆమె తిడుతుంటే ఆయన ముద్దలు కలిపి పెట్టేవాడు. "తిట్టేది ఆమె గాదు బిడ్డా, గడ్డ" అని నాకు చెప్పేవాడు. ఆయనను రాతిగుండె మనిషి అన్నవాళ్లంటే నాకు ఇప్పటికీ మంట. మంచి మొగుళ్లని ఊరు మెచ్చుకున్నవాళ్లలో ఎంతమంది ఆ తిట్లు పడేవాళ్లో చూసేదాన్ని! మనసంటే మెదడేనన్న ఆ నమ్మకమే ఆయన చేత అంత ఓర్పుగా సేవ చేయించింది.

ఒక మధ్యాహ్నం నేను అక్కడుండగానే ఆమె కళ్లు తెరిచి, వెనకటి గొంతుతో, "తిన్నవా?" అని ఆయన్ని అడిగింది. అంతే, మళ్లీ మగత. మామ ముద్ద కలిపిన గిన్నె కింద పెట్టాడు. "తిట్లు గడ్డవి అంటిని గద. మరి తిన్నవా అని అడిగింది ఎవరు? లెక్క ప్రకారం గది గూడ మెదడు పనే అనాలె. అనబుద్ధి అయితలేదు బిడ్డా" అన్నాడు.

ఆమె పోయిన మూడోనాడు కాకి ముట్టలేదు. ఎండెక్కింది. "నీ పెండ్లానికి ఏమన్న చెప్పు, నీ మాట కొరకే ఆగింది" అని అందరూ మామ మీద పడ్డారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "విననోళ్లతోటి మాట్లాడుడు నాతోని గాదు. ఆమెతోని ఎన్నడు అబద్ధమాడలే." చివరికి అత్తమ్మ అక్కే ముందుకొచ్చి, "వాని రంది పెట్టుకోకు చెల్లే, మేం అర్సుకుంటం" అంది. కాసేపటికి కాకి వాలింది.

"ఒక్క మాట అంటే వాని సొమ్మేం పోతుండె" అన్నారు జనం. ఆ తర్వాత ఆ గడప నేను తప్ప ఎవరూ తొక్కలేదు, చూసుకుంటానన్న అక్కతో సహా. "కాకి ఆకలికొచ్చింది, గది నాకెర్కే" అన్నాడొకసారి మామ. "అయినా ఆ విస్తరి గుర్తుకొస్తే అన్నం దిగది." ఒంటరితనం ఎంత చప్పుడు లేకుండా ఉంటుందో నాకు ఆయన వాకిట్లోనే తెలిసింది.

పోయిన చలికాలం చూడబోయాను. రిటైరై ఊళ్లో ఒక గది తీసుకున్నాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల ఆయన మాటలు వినిపిస్తున్నాయి. "ఈసారి బండ్లు తక్కువ, అన్ని లారీలే. పప్పుల ఉప్పెక్కువైనట్టున్నది గదా?" కాసేపు నిశ్శబ్దం. "గట్లనా? సరే."

ఎవరో వచ్చారనుకుని తలుపు తోశాను. కంచం ముందు ఆయనొక్కడే. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. "ఎవరు లేరు బిడ్డా. ఆమె వింటలేదు. నా మాట మారలే. ఊకె చెప్తుంట, గంతే."

పొద్దు వాలాక బస్టాండుదాకా వస్తానని చెప్పులు తొడుక్కున్నాడు. గడప దాటి గొళ్లెం మీద చెయ్యి వేసి, లోపలికి తిరిగి, "బిడ్డను బస్సెక్కిచ్చి వస్త" అన్నాడు. ఆ వెంటనే తలుపు వేయలేదు. లోపలి నుంచి ఒక మనిషి "మంచిది" అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగి, అప్పుడు మెల్లగా దగ్గరికి లాగాడు.