మెత్తటి కమాను

మా ఆవిడ మిరపనారు పెంచుతుంది. ఊరి చివర కౌలుకు తీసుకున్న అరెకరంలో పచ్చటి నీడవల కట్టి, దాని కింద గుంతల ట్రేలలో కొబ్బరిపొట్టు నింపి, ఒక్కో గుంతలో ఒక్కో గింజ వేస్తుంది. ఎండాకాలం ముందు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో గుట్టలుగా పోసే మిర్చిలో కొంతైనా మా ట్రేల నుంచి వెళ్ళిన మొక్కలకు కాసిందే. ఆ మొక్కలను చేను దాకా చేర్చడం నా పని.

నా దగ్గర ఉన్నది గ్రానైట్ క్వారీలో తిరిగి తిరిగి మా చేతికి వచ్చిన పాత పికప్పు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం కాబట్టి రేగడి బురదలో దిగినా ఎలాగో బయటపడుతుంది. అయితే బయటపడడం వేరు, వెనక ఉన్న సరుకును క్షేమంగా దించడం వేరు. ఆ తేడా నాకు ములుగు అవతల ఒక వాగులో తెలిసింది.

వాగు దాటితే గానీ చేరలేని చిన్న పల్లె అది. అక్కడి రైతులంతా కలిసి ఆ ఏడు మా దగ్గరే నారు కావాలని చెప్పారు. మొదటి విడత తీసుకుపోతుంటే, వాగులోని బండరాళ్ళ మీద బండి ఎగిరి పడిన ప్రతిసారీ వెనక ట్రేలు కూడా ఎగిరి పడ్డాయి. వెనక ఇరుసు ఒక రాయికి గట్టిగా తగిలి వంకర పోయింది. చేను దగ్గర తలుపు తీస్తే మొక్కలు గుంతల్లోంచి ఊడి, వేళ్ళు బయటపడి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

ఆ ఊరి తరఫున మాట్లాడే పెద్దావిడ ఒకామె ఉంది. ఆమె ఒక గుప్పెడు మొక్కలు ఎత్తి చూసింది.

"ఏం బిడ్డా, నారు తెమ్మంటే తోటకూర తెచ్చినవా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఇంకొక్కపారి సూస్తం. గప్పుడు గూడ గిట్లనే తెస్తే మేం నర్సంపేట దిక్కు నారు సూసుకుంటం. మల్ల ఏమనుకోవద్దు."

నాతో పాటే వచ్చిన మా ఆవిడ తిరుగు ప్రయాణంలో ఊడిన మొక్క ఒకటి చేతిలో పట్టుకుని కూర్చుంది. ములుగు దాటాక అంది: "నా నారు మంచిగనే ఉన్నది. బండే సంపుతాంది."

మిగిలిన నారంతా ఆ ఊరికి ఒప్పుకున్నదే. ఇంకో వారం పది రోజులు దాటితే ముదిరిపోతుంది. ముదిరిన నారు ఎవరూ నాటరు. ఈ ఊరు పోతే చుట్టుపక్కల ఊళ్ళకు మాట పాకుతుంది. మా ఆవిడ నర్సరీ నిలవడమో మూతపడడమో ఇక నా బండి వెనక చక్రాల మధ్య ఉంది.

నా చదువు పదో తరగతితో ఆగిందని మా బంధువులు అంటారు. అది బడి లెక్క. గ్రంథాలయం లెక్కలో నేనింకా చదువుకుంటూనే ఉన్నాను. హన్మకొండలో గ్రంథాలయం కింది గదిలో రిటైరైన పెద్దలు పేపర్ల కోసం కీచులాడుకుంటారు, పై గదిలో ఉద్యోగ పరీక్షల పిల్లలు చెవుల్లో దూది పెట్టుకుని చదువుతారు. ఈ రెండు గుంపుల మధ్య, ఎవరూ ముట్టని బీరువాల దగ్గర నా కుర్చీ. బావుల తవ్వకం గురించీ, తేనెటీగల గురించీ, పాత నాణేల గురించీ నాకు తెలిసినదంతా ఆ కుర్చీలో తెలిసిందే. మరునాడు పొద్దున్నే వెళ్ళి మోటారు బండ్ల మీద ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ఒకటి తీశాను. అట్ట ఊడింది, బొమ్మలు మాత్రం చక్కగా ఉన్నాయి. పక్కన నిఘంటువు పెట్టుకుని, రెండు పూటలు కదలకుండా చదివాను.

బండి వెనక కుంగినా, ఎగిరిపడినా మా దగ్గర అందరికీ తెలిసిన మందు ఒక్కటే: కమానుకు ఇంకో పట్టీ ఎక్కించడం. చక్రానికీ బండికీ మధ్య విల్లులా వంగి ఉండే ఇనుప పట్టీల కట్టనే మా వైపు కమాను అంటారు. ఖిలా వరంగల్ వెళ్ళే దారిలోనూ, ఊళ్ళ మొగదలలోనూ కట్టిన తోరణాలనూ కమానే అంటాం. పారసీలో ఆ మాటకు విల్లు అని అర్థమని నేను ఇంకెప్పుడో, ఇంకో పుస్తకంలో చదివాను. రాతితో కట్టినా, ఇనుముతో చేసినా వంపు వంపే.

క్వారీలో నా బండికి రాళ్ళ బరువు మోయడానికని మందపాటి పట్టీలు వేశారు. రాళ్ళకు అది సరే. మొక్కలకు అంత బరువు లేదు కాబట్టి ఆ కమాను వంగనే వంగదు, రాయి తగిలిన దెబ్బంతా నేరుగా పైకి పంపిస్తుంది. పుస్తకం సారం నాకిలా అర్థమైంది: నేల చెప్పే మాట చక్రం వినాలి, పైనున్న సరుకు వినకూడదు. ఇంకో పట్టీ ఎక్కించడం కాదు, మందపాటివి తీసేసి పల్చటివి ఎక్కువగా వేయాలి. ఇంగ్లీషులో దానికి సాఫ్ట్ స్ప్రింగ్ అని రాసి ఉంది. నిఘంటువు చూశాను. మెత్తని, అంది.

ఆటోనగర్‌లో అన్నదమ్ముల షెడ్డు ఒకటి ఉంది. తమ్ముడు ఇరుసులు చూస్తాడు. అన్న వెనక కొలిమి దగ్గర కమాన్లు చూస్తాడు. ఇద్దరూ నాకంటే పెద్దవాళ్ళే. నేను బొమ్మలు గీసిన కాగితం తీయగానే తమ్ముడు అన్నను పిలిచాడు.

"అన్నా, జర ఇటు రా! లైబ్రరీ సారు బండికి పరీక్ష రాసుకొచ్చిండు."

"పాసైతడా?"

"నువ్వే దిద్దాలె మల్ల."

ఎగతాళి చేస్తూనే పని మొదలుపెట్టారు. వంకర పోయిన ఇరుసు గొట్టాన్ని తమ్ముడు చేత్తో తడిమి, ఇది లాభం లేదని తీసి పక్కన పడేశాడు. పాత ఇనుము దుకాణంలో ఇంకా పెద్ద బండి నుంచి తీసిన ఇరుసు ఒకటి దొరికింది. దాని గొట్టం మందం. కమాన్లు కూర్చునే దిమ్మెలు కోసి మా బండి కొలతకు మళ్ళీ అతికించాలి. దిమ్మె ఏ కొంచెం వాలినా ఇంజను నుంచి వచ్చే షాఫ్టు వణుకుతుందని పుస్తకంలో ఉందని నేను చెప్పాను.

"గంత ఎర్కనే సారూ," అన్నాడు తమ్ముడు. అని, రసమట్టం తెచ్చి పెట్టి చూసుకున్నాడు. ముందు చక్రాల ఇరుసుకు బేరింగులు మార్చాడు. నాలుగు మూలలా ఊపును అణిచే పొడవాటి షాకప్సులు వేద్దామంటే దానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు.

కమాన్ల దగ్గరే గొడవ వచ్చింది. అన్నకు నేను స్పష్టంగా చెప్పాను: పల్చటి పట్టీలు ఎక్కువ వెయ్యి, మెత్తగా ఉండాలి.

"మెత్తగనా?" అన్నాడాయన.

"మెత్తగనే అన్నా. పుస్తకంల గట్లనే ఉన్నది."

ఆయన తమ్ముడి వైపు ఒకసారి చూశాడు. "సరే. నీ బండి, నీ పుస్తకం."

కమాన్లు బిగించిన రోజు, ట్రేల బరువుకు సరిపడా తడిమట్టి బస్తాలు ఎక్కించి చూశాం. బండి వెనక దిగింది. నాకు సంతోషం వేసింది. ఇంకొంచెం దిగింది. బస్తాలు దించాం. బండి లేవలేదు. కుక్క కూర్చున్నట్టు వెనక భాగం నేల మీదికి వాలి అలాగే ఉండిపోయింది.

"లేస్తలేదేందే?" అన్నాడు తమ్ముడు.

"అలిగింది," అన్నాడు అన్న.

"ఏం చేసినవన్నా దీన్ని?" అన్నాను నేను.

"నువ్వు చెప్పిందే చేసిన. మెత్తగ గావాలన్నవ్, ఎర్రగ కాల్చి బూడిదల పండవెట్టిన. మెల్లగ సల్లారి ఇనుము మెత్తవడ్డది. ఇగ దీనికన్న మెత్తగ ఈ ఆటోనగర్ల ఎవ్వడు చెయ్యడు."

"మెత్తగ అంటే గది గాదన్నా!"

"మరేంది? మా కొలిమిల మెత్త అంటే ఒక్కటే మెత్త. నాకు మనసొప్పలేదు గని, సదువుకున్నోడు చెప్పిండు గదా అని చేసిన."

"పుస్తకంల..."

"గా పుస్తకాన్నే మడిచి చక్రం కింద వెట్టు. కొంచెం లేస్తది."

సరిగ్గా అప్పుడే మా ఆవిడ స్కూటీ మీద వచ్చింది. నారు ఇక ఆగేటట్టు లేదు, బండి ఎప్పుడిస్తారో తేల్చుకుందామని. కూర్చుండిపోయిన బండిని చూసింది, మా ముఖాలు చూసింది. ఎవరి వాదన వాళ్ళం ఆమెకు చెప్పాం. ఇద్దరం ఒకేసారి చెప్పాం.

"ఆగుండ్రి. ఇద్దరు ఒక్కటే మాటను రెండు తీర్ల అంటాన్నరు," అంది. తర్వాత అన్న వైపు తిరిగింది. "అన్నా, మా ఇంట్ల నులక మంచమున్నది. కూసుంటే కిందికి సాగుతది, లేస్తే మల్ల మీదికొస్తది. నాకు గట్ల గావాలె. మా అత్త మంచం గూడ ఉన్నది. కూసున్నా గుంతే, లేసినా గుంతే. గది వద్దు."

అన్న చేతిలోని సుత్తి కింద పెట్టాడు.

"సాగాలె! గట్ల చెప్పవోయి సారూ! సాగుడు వేరు, మెత్తదనం వేరు. చెల్లె ఒక్క మాటల చెప్పింది. నీ ఇంగ్లీషు నా పట్టీలను పిండి పిండి చేసింది గదయ్యా."

"మా ఆయిన మంచిగనే సదివిండన్నా," అంది మా ఆవిడ. "తెలుగుల చెప్పుట్ల తప్పిండు."

ఆ సాయంత్రమే గ్రంథాలయానికి వెళ్ళి ఆ పుస్తకం మళ్ళీ తీశాను. మెత్తని అని చదివిన ప్రతిచోటా సాగే అని చదువుకుంటూ పోయాను. ఎక్కడా తగులు పడలేదు. పుస్తకం చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరే. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, పక్కన పేపరు చదువుకుంటున్న ముసలాయనకు ఆ పేజీ మొత్తం వినిపించాను. ఆయన మర్యాదగా విని, రాశిఫలాల పేజీ తిప్పుకున్నాడు.

అన్న పట్టీలను మళ్ళీ కాల్చి, వంపు కొట్టి, నూనెలో ముంచి, మళ్ళీ సన్నటి సెగ మీద పెట్టి బిగువు సరిచూశాడు. పట్టీకీ పట్టీకీ మధ్య గ్రీజు పూశాడు. బస్తాలు వేస్తే బండి దిగింది, తీస్తే లేచింది. తమ్ముడు వెనక బంపరు మీద ఎక్కి పిల్లవాడిలా ఊగి చూశాడు. షాకప్సులు ఒక్క ఊపుతో ఆపేశాయి.

మరునాడు తెల్లవారగానే నారు ఎక్కించాం. మా ఆవిడ నా పక్కన కూర్చుంది గానీ దారి చూడలేదు, వెనక్కి తిరిగి అద్దంలోంచి ట్రేలనే చూస్తూ ఉంది. వాగులో నీళ్ళు చక్రాల నడుముల దాకా ఉన్నాయి. ఒక చక్రం బండ ఎక్కుతుంటే ఇంకోటి గుంతలోకి దిగింది. కింద ఇరుసు అటూ ఇటూ వాలుతున్న సంగతి స్టీరింగులో తెలుస్తోంది. పైన మాకు మాత్రం పడవలో ఉన్నట్టు ఉంది.

"మెల్లగ," అంది. "జర మెల్లగ పో." వాగు మధ్యకు వచ్చేసరికి ఆ మాట అనడం మానేసింది.

చేను దగ్గర పెద్దావిడే వచ్చి తలుపు తీసింది. వరుసలో మొదటి ట్రే కాదు, అన్నిటికంటే వెనక, మూలన ఉన్న ట్రే లాగింది. ఒక మొక్కను మెడ దగ్గర పట్టి పైకి లాగితే, కొబ్బరిపొట్టు ముద్ద చెదరకుండా, చుట్టూ తెల్లటి వేళ్ళతో అచ్చు పోసినట్టు వచ్చింది. ఆమె వంగి బొటనవేలితో నేలలో గుంత చేసి, ఆ మొక్క అందులో పెట్టి, చుట్టూ మట్టి నొక్కింది. అప్పుడు లేచి, గట్టు మీద కూర్చున్న ఆడవాళ్ళ వైపు కేకేసింది.

"ఏందే కూసున్నరు? పొద్దు పోతాంది, సాళ్ళు పట్టుండ్రి!"

మా ఆవిడ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, వాళ్ళతో పాటే చేనులోకి దిగింది. మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం ఉండాలో జానతో చూపిస్తోంది. వాళ్ళు ఆమెను అక్కా అని ఒకరు, వదినా అని ఒకరు పిలవడం మొదలుపెట్టారు. పెద్దావిడ కాసేపు చూసి, ఆమె దగ్గరికి వెళ్ళింది.

"బిడ్డా, మా తమ్మునిది గా ఒర్రె అవతల చేను. గాడికి గూడ తెస్తవా?"

"తెస్తం పెద్దమ్మా," అంది మా ఆవిడ, నా వైపు తిరిగి కూడా చూడకుండా.

"ఒర్రె ఎంత లోతుంటది పెద్దమ్మా?" అని, దాటాల్సిన ఇంకో వాగును తలుచుకుని, నేను బండి దగ్గరి నుంచే అడిగాను. చేనంతా నవ్వింది.