మూడు డబ్బాల ఊక కోసం ఒకే దారిలో రెండుసార్లు

మూడో ఏడాది పరీక్షలు అయ్యాక మా క్లాసులో నలుగురికి తెనాలి శివార్లలోని ఒక చిన్న కరెంటు ప్లాంటులో ట్రైనింగ్ దొరికింది. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. బొగ్గూ గ్యాసూ కాకుండా వడ్ల ఊకను మండించి, ఆవిరి పుట్టించి కరెంటు తీసే ప్లాంటు అది. మొదటి రోజే ముగ్గురు అబ్బాయిలనూ బాయిలర్ దగ్గరికి పంపి, "నీకెందుకమ్మా ఆ వేడీ బూడిదా, చల్లగా ఆఫీసులో కూర్చో" అని నన్ను ఏసీ గదిలో పెట్టారు. అక్కడ నా పని కాగితాలకు చిల్లులు కొట్టి ఫైళ్ళలో పెట్టడం. సాయంత్రం ఆ ముగ్గురూ ఒళ్ళంతా బూడిదతో, పెళ్ళి భోజనం చేసొచ్చినంత సంతోషంగా బయటికి వస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరింది కాగితాలకు చిల్లులు కొట్టడానికా?

జూన్ చివర్లో వానలు మొదలవగానే బాయిలర్‌లో మంట పడిపోవడం మొదలైంది. తడి ఊక వస్తోందని అందరికీ తెలుసు కానీ, ఏ మిల్లు నుంచి వస్తోందో ఎవరికీ తెలియదు. పొన్నూరు, బాపట్ల, రేపల్లెల నుంచి వచ్చే లోడ్లన్నీ యార్డులో ఒకే గుట్టలో కలిసిపోయేవి. మూడు మిల్లులకూ వెళ్ళి నమూనాలు తేవాలని మా ఇంజనీరు మూర్తిగారు అంటుండగా, ఆయన మాట పూర్తి కాకముందే "నేను వెళ్తానండి" అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "మూడూ ఒకే రోజువి కావాలమ్మా. ఇవాళ వాన, రేపు ఎండ అయితే పోల్చి లాభం లేదు. దారిలో తేమ ఆరిపోకుండా గట్టి మూత డబ్బాల్లో తేవాలి. తెచ్చావంటే ఇదే నీ ప్రాజెక్టు, బాయిలర్ దగ్గరే పని చేసుకో. తేలేకపోతే మాత్రం మళ్ళీ నీ ఫైళ్ళే" అన్నారు. ఆ రాత్రి అమ్మను బతిమాలి వంటింట్లోంచి గట్టి మూతలున్న మూడు స్టీలు డబ్బాలు సంపాదించాను.

మీరూ ఇటువైపు వచ్చేట్లయితే, తెనాలి నుంచి చీరాల వైపు వెళ్ళే పొద్దుటి ప్యాసింజర్ పట్టుకోండి. నేను ఏడింటికి ఎక్కితే ముప్పావుగంటలో నిడుబ్రోలు స్టేషన్‌లో దిగాను. పొన్నూరుకు అదే స్టేషన్. ముందురోజు రాత్రి వాన పడి తెరిపిచ్చింది. దారి పొడవునా నారుమళ్ళు పచ్చగా ఉన్నాయి. స్టేషన్ నుంచి షేర్ ఆటోలో మిల్లుకు వెళ్ళి, గుట్టలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలి ఊక తీసి మొదటి డబ్బా నింపాను. అక్కడి నుంచి బస్సులో బాపట్ల. టిక్కెట్టు పది రూపాయల లోపే. బస్టాండు ఎదుట అల్లం పచ్చడితో ఇడ్లీ తిని రెండో మిల్లుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా పెద్దాయన నేను ఊరి పేరూ టైమూ చీటీ మీద రాసి డబ్బాకు అంటిస్తుంటే ముచ్చటపడి, "ఊకక్కూడా పేరు పెడుతున్నావేంటమ్మా!" అన్నాడు.

బాపట్ల నుంచి రేపల్లెకు బస్సు కర్లపాలెం, చెరుకుపల్లి మీదుగా వెళుతుంది. గంటన్నర అంటారు కానీ రెండు గంటలు అనుకోండి. కిటికీ సీటు దొరికితే మాత్రం ఆ రెండు గంటలూ హాయిగా గడిచిపోతాయి. కండక్టర్ నా ఒళ్ళోని సంచి చూసి, "డబ్బాల్లో ఏంటమ్మా, స్వీట్లా?" అని అడిగాడు.

"ఊకండి."

"రేపల్లెకి ఊక పట్టుకెళ్తున్నావా? అక్కడ లేకనా?"

"అక్కడ కూడా తీసుకోవాలండి."

ఆయన చిల్లర చాలా జాగ్రత్తగా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

రేపల్లెలో మూడో డబ్బా కూడా నింపేసరికి పన్నెండున్నర. పని అయిపోయింది. మధ్యాహ్నం బండికి తెనాలి వెళ్ళిపోవచ్చు. కానీ రేపల్లె దాకా వెళ్ళి మా సుగుణత్తయ్య ఇంటికి వెళ్ళకపోతే ఆ మాట మా నాన్నకు ఏడాది పాటు వినిపిస్తుంది. సుగుణత్తయ్య నాన్నకు అక్క. ఇంటి దగ్గరే మిషను కుడుతుంది, ఆ వీధి పిల్లలందరికీ క్రిస్మస్ గౌన్లు ఆవిడ చేతివే. నన్ను చూడగానే మిషను ఆపేసి రొయ్యల వేపుడు, గోంగూర, మామిడికాయ పప్పు చేసింది. ప్రార్థన చేసి విస్తరాకు ముందు కూర్చోబెట్టి, నేను వద్దన్నకొద్దీ వడ్డించింది. తెల్లవారుజామున లేచిన దాన్ని. చాప మీద ఒక్క పది నిమిషాలు నడుం వాల్చుదామనుకున్నాను.

లేచేసరికి రెండున్నర దాటింది. సంచి చూస్తే బరువుగా ఉంది. ఊక అంత బరువుండదే అని ఒక డబ్బా మూత తీశాను. రొయ్యల వేపుడు! రెండో దాంట్లో గోంగూర, మూడో దాంట్లో జంతికలు. డబ్బాలు తళతళలాడుతున్నాయి, శుభ్రంగా తోమి ఆరబెట్టినట్టున్నారు.

"అత్తయ్యా! ఊకేది?"

"డాబా మీద ఎండబెట్టానే" అంది సుగుణత్తయ్య, తృప్తిగా. "పాపం తడిసి ముద్దయిపోయింది. డబ్బాలు తెచ్చుకున్నావు కదా, వాటినట్లా పంపిస్తానా? ఊక ఆరాక సంచిలో పోసిస్తాలే."

డాబా మీదికి పరుగెత్తాను. చాట నిండా ఊక, మూడూళ్ళదీ కలిసిపోయి, పెళపెళలాడుతూ ఉంది. అత్తయ్య దాన్ని చేత్తో చక్కగా సర్ది మరీ పరిచింది. నేను అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. ఆ తేమ కోసమే నేను పొద్దున్నుంచి తిరిగానని చెబితే అత్తయ్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడ ముఖం చూసి నాకు ఇంకా ఏడుపొచ్చింది.

మామయ్య వచ్చి సంగతి విని, "ఊకంతా ఊకే కదమ్మా. ఈ ఊరి మిల్లు ఊకే మూడు డబ్బాల్లోనూ పోసి ఇచ్చెయ్. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు చాలా నచ్చింది. ఇంకో గంటలో బండి ఎక్కేయొచ్చు, రేపటి నుంచి బాయిలర్ దగ్గర ఉండొచ్చు. కానీ అలా నింపిన డబ్బాల లెక్క చూసి నేను బాయిలర్ దగ్గర ఏం నేర్చుకుంటాను? మంట ఎందుకు పడిపోతోందో నాకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. "మళ్ళీ వెళ్తాను మామయ్యా" అన్నాను.

"ఒక్కదాన్నే పంపుతానా?" అంటూ అత్తయ్య అప్పటికే చీర మార్చుకుంటోంది. "పాడు చేసింది నేను. మీ సారు తిడితే నేనూ ఉంటాను."

అలా పొద్దుట వచ్చిన దారినే వెనక్కి బయలుదేరాం. రొయ్యలూ గోంగూరా అత్తయ్య క్యారియర్‌లోకి, జంతికలు కాగితం పొట్లంలోకి మారాయి. డబ్బాలు రెండోసారి కడిగి, పొడిబట్టతో తుడిచి, రేపల్లె మిల్లులో ఒకటి నింపుకుని బాపట్ల బస్సెక్కాం. మిల్లు మూసే వేళకు చేరితే గుమాస్తా పెద్దాయన ఆశ్చర్యపోయాడు. "ఏంటమ్మా, పొద్దున తీసుకెళ్ళింది మీ సారుకి నచ్చలేదా?"

"నేను ఎండబెట్టేశానండి, బాబుగారూ" అంది అత్తయ్య, దాచకుండా. హమాలీలతో సహా అందరూ విరగబడి నవ్వారు. అత్తయ్య కూడా నవ్వి జంతికల పొట్లం విప్పి తలా కాసిని పెట్టింది. పొన్నూరులో చీకటి పడుతోంది. మిల్లులో లైటు పట్టుకుని మరీ గుట్టలోంచి ఊక తీసిచ్చారు. నిడుబ్రోలులో బండి అరగంట లేటుగా వచ్చింది. ఆ అరగంటా డబ్బాల సంచి అత్తయ్య ఒళ్ళోంచి కింద పెట్టలేదు.

ప్లాంటుకు వెళ్ళేసరికి మూర్తిగారు ఇంటికి వెళ్ళబోతున్నారు. చీటీల మీద టైము చూసి, "పొద్దున వెళ్ళినదానివి, అన్నిటి మీదా సాయంత్రం టైమెందుకుంది?" అన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన త్రాసు ముందుకు జరిపి, "తూకం నువ్వే వెయ్యి" అన్నారు. డబ్బాల్లోని ఊకను మూడు ట్రేల్లో పోసి తూచి, రాసుకుని, ఓవెన్‌లో పెట్టి ఇంటికి వెళ్ళాం.

అత్తయ్య ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండి, పొద్దున్నే రేపల్లె బండి వదిలేసి మరీ నాతో ప్లాంటుకు వచ్చింది. ఫలితం తెలియకుండా వెళ్ళనంది. ఓవెన్ తలుపు తీసి ట్రేలు బయట పెడుతుంటే ఆవిడ వంగి చూసి, వేలితో ఊక తాకి, నా వైపు తిరిగింది.

"ఇదేంటే! మీరు చేసేదీ ఎండబెట్టడమేగా! నిన్న నేను చేస్తే అంత ఏడ్చావేం?"

ల్యాబ్‌లో అందరూ నవ్వు ఆపుకుంటున్నారు. మూర్తిగారు మాత్రం చాలా మర్యాదగా, "అవునండి, అదే పని. కాకపోతే ఎండబెట్టే ముందు మీరు తూచలేదండి" అన్నారు.

మళ్ళీ తూచాక లెక్క తేలింది. రేపల్లె ఊక అన్నిటికన్నా పొడిగా ఉంది. తడంతా బాపట్ల మిల్లుది, అక్కడి గుట్ట మీద కప్పే పట్టా లేదు. మామయ్య చెప్పినట్టు చేసి ఉంటే మూడు డబ్బాలూ పొడిగా తేలేవి, బాయిలర్‌లో మంట మాత్రం పడిపోతూనే ఉండేది. మూర్తిగారు గోడకున్న హెల్మెట్ తీసి నా చేతికిచ్చి, "పదమ్మా, బాయిలర్ చూద్దువుగాని" అన్నారు. నీలం అద్దం అడ్డు పెట్టుకుని చిన్న కంతలోంచి ఆ మంటను మొదటిసారి చూశాను. ఆ పక్కనే అత్తయ్య, "నన్నూ చూడనివ్వవే" అని నా మోచెయ్యి లాగుతోంది.

ఆ తర్వాత చాలా ప్లాంట్లలో పనిచేశాను, చాలా పెద్ద బాయిలర్లు చూశాను. ట్రైనింగ్ అంటే యంత్రాల పక్కన నిలబడి ఫొటో దిగడం అనుకునే పిల్లలు కనిపించినప్పుడు వాళ్ళకు ఈ కథే చెబుతాను. ఒకే దారిలో రెండోసారి వెళ్ళాల్సి వచ్చిన రోజునే నేను ఇంజనీర్నయ్యానని నా నమ్మకం. ఆ రోజు నా పక్క సీట్లో కూర్చున్న మనిషి కోసమైతే ఆ దారిన మూడోసారి కూడా వెళ్తాను. ఇక మీకు నేను చెప్పగలిగిన చిట్కా ఒక్కటే: ఇటువైపు నమూనాలు తీసుకోవడానికి వస్తే ప్లాస్టిక్ సీసాలు తెచ్చుకోండి, వంటింటి డబ్బాలు మాత్రం వద్దు. మా వాళ్ళు వాటిని కూర లేకుండా వెనక్కి పంపరు.