మల్లయ్య కాక కొట్టిన కొబ్బరికాయ

కరీంనగర్‌లో మా పక్కింటివాళ్ళు నిన్న బోరు వేయిస్తే నీళ్ళు పడలేదు గానీ, బూడిదరంగు రాతిపొడి లేచి మా కిటికీల మీద, ఆరేసిన బట్టల మీద, చివరికి తాగే చాయ్‌లో కూడా పడింది. రాతి పగుళ్ళలో నీళ్ళు ఎలా నడుస్తాయో పాఠాలు చెప్పి ప్రొఫెసర్‌గా రిటైరైనవాణ్ణి, ఈ రాతిపొడి వాసన నాకు ఏనాడో అలవాటైపోవాలి. కాలేదు. ముక్కుకు తగలగానే సిగ్గుతో తల వాలిపోతుంది.

పెద్దపల్లి దగ్గర మా ఊళ్ళో, మా చేనుకు హద్దుగా ఉన్న గెట్టు అవతల మల్లయ్య కాక బావి ఉండేది. ఎండాకాలమంతా పిల్లలం దాంట్లోనే పడి ఉండేవాళ్ళం. తేలడానికి నా వీపుకు బెండు కట్టి, ఏడుస్తున్నా వినకుండా నీళ్ళలోకి తోసి ఈత నేర్పింది కాకే. కళ్ళు ఎర్రబడి, వేళ్ళు ముడతలు పడి పైకొస్తే ఆయన భార్య రాజవ్వ చిన్నమ్మ జొన్నరొట్టెలో ఎల్లిపాయ కారం పెట్టి చేతికిచ్చేది. సద్దుల బతుకమ్మనాడు వాడకట్టు ఆడవాళ్ళంతా తంగేడు, గునుగు పూల బతుకమ్మల్ని ఆ బావిలోనే వదిలేవాళ్ళు; రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దల కోసం మేము మెట్లమీద కొట్లాడుకునేవాళ్ళం.

మాకు బావి లేదు. మా నాన్న, మా బాపు, నీళ్ళు చూసేవాణ్ణి పిలిపిస్తే, అతని అరచేతిలో పడుకోబెట్టిన కొబ్బరికాయ సరిగ్గా గెట్టు పక్కకు రాగానే లేచి నిలబడింది. బోరు బండికి పసుపు కుంకుమ పెట్టి, ఆయన చెయ్యి మంచిదని కాకతోనే కొబ్బరికాయ కొట్టించాడు బాపు. నీళ్ళు ఎగజిమ్మినప్పుడు మా అందరికంటే ముందు ఆ బురదలో గంతులేసిందీ ఆయనే.

వారం తిరక్కుండానే కాక బావి అడుగంటింది. పైన గెట్టు ఉంది గానీ, కింద రాయిలో పగులు ఒక్కటే. బాపు పోయి తప్పైందన్నాడు.

"భూమి లోపట గెట్టు ఉంటదా అన్నా? ఫికర్ జెయ్యకు" అన్నాడు కాక.

తిట్టినా బాగుండేది. బాపు ఆయన పొలానికి పైపు వేసి నీళ్ళు వదిలాడు. కానీ ఆ ఏడు వానలు మొహం చాటేసి, మా కొత్త వరి పొట్టకొచ్చేవేళకు బోరు సన్నబడితే, ఒకరోజు మాటా పలుకూ లేకుండా ఆ పైపు చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ బతుకమ్మకు రాజవ్వ చిన్నమ్మ తన బతుకమ్మను మా బోరు నీళ్ళు నింపే హౌజులో వదిలి, ఎప్పటిలాగే మేము అవ్వ అని పిలిచే మా అమ్మ చేతిలో మలీద పెట్టింది. అవ్వ తినలేకపోయింది. నేను తిన్నాను. దసరా దాటాక కాక జమ్మికుంటకు పత్తి బస్తాలు మోయడానికి పోయాడు.

ఒక బోరు పక్క బావిని ఎలా తాగేస్తుందో నేను ఉద్యోగమంతా బోర్డు మీద గీసి చెప్పాను; ఏ ఊళ్ళో చూశారు సార్ అని పిల్లలు అడిగితే, ఎక్కడైనా జరుగుతుందని దాటేసేవాణ్ణి. ఇప్పుడు ఆ బావిని పూడ్చేశారు, బెండు కట్టి ఈత నేర్పేవాళ్ళూ లేరు; ఊళ్ళో మా బోరూ ఎండిపోయి, గొట్టం మూతి మీద రాయి పెట్టి ఉంది.

ఇవాళ పక్కింట్లో బోరు బండిని మా ప్రహరీ పక్కకు, ఈ ఇంట్లో మేము వాడుకునే బోరుకు దగ్గరగా జరిపారు. పక్కింటాయన కొబ్బరికాయ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీ చేతితోని కొట్టుండ్రి సార్, మంచిగయితది" అన్నాడు.

కొట్టాను. వాళ్ళకు నీళ్ళు పడాలని మొక్కుకున్నాను. అందుకోసం ఏదైనా ఎండిపోవాల్సి వస్తే, ఈసారి అది మా బోరే కావాలని కూడా.