భావనపాడు గది ఖాళీ చేసిన వారం

ఊరు వదిలేటప్పుడు నాకు కలిగే ఆనందం గురించి ఎవరికీ చెప్పేదాన్ని కాదు. చెబితే రాతిగుండె అనుకుంటారు. అనుకుంటే అనుకోనీ, నిజం మాత్రం అదే. కుట్టుపని నేర్పే కాంట్రాక్టు ఉద్యోగం నాది. ఆర్నెల్లకో ఊరు. ఒక బ్యాచి జాకెట్టు కుట్టడం దాకా వచ్చేసరికి నాకు ఆ ఊరు మొహం మొత్తేది. సామాను వేసుకుని ఆటో మెయిన్ రోడ్డెక్కిందంటే, అబ్బ, ఒళ్ళు ఎంత తేలికయ్యేదో!

గరివిడిలో ఇంటి ఓనరు నేను వాడే నీళ్ళ బకెట్లు లెక్కపెట్టేవాడు. ఆ ఊరు వదిలిన రోజు రైల్లో రెండు సమోసాలు తిన్నాను. అంత రుచైన సమోసా మళ్ళీ తినలేదు. అలాగని చెడ్డ ఊళ్ళనే కాదు, మంచి ఊళ్ళనూ అంతే సంతోషంగా వదిలేశాను. కొత్త ఊళ్ళో దిగగానే మొదటి పని కొత్త సిమ్ కొనడం, పాతది పారెయ్యడం. పాత ఊరి ఫోన్లు వస్తుంటే ఇక ఊరు మారి ఏం లాభం? కొత్త నంబరు మా అమ్మకొక్కదానికే చెప్పేదాన్ని.

భావనపాడులో చేపల వ్యాపారం చేసే ఒకావిడ ఇంట్లో, వీధివైపు గదిలో ఉన్నాను. ఆవిడ భర్త సముద్రంలో వేటకు వెళ్ళేవాడు. ఆవిడది గట్టి గొంతు. "ఏటి వొండినావు టీచరమ్మా? మల్లీ ఆ పప్పేనా? మనిషి తినీ తిండేనా అది?" అని గిన్నెలో చేపల కూర పెట్టి పోయేది. నా బ్యాచి అయిపోయేటప్పటికి ఆవిడ కూతురికి నెలలు నిండుతున్నాయి. పురిటికి పుట్టింటికి రావాలి. ఆ ఇంట్లో నడిమి గది నిండా ఎండుచేపల మూటలే. పురిటి మనిషి పడుకోవడానికి పనికొచ్చే గది నాదొక్కటే. ఖాళీ చెయ్యమనడానికి ఆవిడ మొహమాటపడుతుంటే, నన్ను చీపురుపల్లి వేశారని నేనే చెప్పేశాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. నాకూ ఎప్పుడు కదులుదామా అనే ఉంది.

వెళ్ళే రోజు ఆటో దాకా వచ్చి, "సేరినాక ఫోను సెయ్యాల, మర్సిపోకు" అంది. "అలాగే పిన్నీ" అన్నాను. అందరికీ అనే మాటే. చీపురుపల్లిలో దిగి, ఎప్పట్లాగే సిమ్ మార్చేశాను.

కొత్త బ్యాచికి గుడ్డ కత్తిరించబోతే నా పెద్ద కత్తెర కనబడలేదు. భావనపాడు గదిలో, గూట్లో మర్చిపోయాను. నన్ను నేను తిట్టుకుంటూ ఆదివారం బస్సెక్కాను. వదిలిన ఊరికి తిరిగి వెళ్ళడం అదే మొదటిసారి.

వెళ్ళేసరికి ఆవిడ కూతురు వీధి అరుగు మీద చాపేసుకుని, నిండు పొట్టతో గోడకు ఆనుకుని కూర్చుంది. నా గది తలుపు తీసే ఉంది. నేను వదిలిన దారప్పోగులు, గుడ్డ పేలికలు నేలంతా ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది.

"గది ఖాళీగా పెట్టుకుని పిల్లని అరుగు మీద పడుకోబెట్టారేం పిన్నీ?" అన్నాను.

ఆవిడ బయటికొచ్చి నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"సేరినావా?" అంది ముందు. ఆ తర్వాత అందుకుంది. "ఊరెల్లిన మనిషి సేరినాదని తెలీకుండా ఆ గదిలో సీపురెలా ఎట్టమంతావు? మా మగోల్లు వేటకెల్లినా అంతే, ఒడ్డుకు సేరీదాకా ఊడవం. నీకు ఫోను సేస్తంటే సిచ్చాపు సేసుందని సెప్తంది. ఏటైపోనావో అని నాలుగు రోజుల్నుంచి సస్తన్నాం. ఊడవని గదిలో, ఆ సెత్తలో, పురిటి మనిసినెలా పడుకోబెట్టాల?"

మాది మిషన్ చర్చి కుటుంబం. మా ఇంట్లో ప్రయాణానికి ముందు ప్రార్థన చేస్తారు, ఆ పైన భారం దేవుడిది. చీపురు ఎప్పుడు పట్టినా ఎవరికీ పట్టింపు లేదు. అయినా సిగ్గేసింది. మూలనున్న చీపురు అందుకోబోతే ఆవిడ లాక్కుంది.

"నువ్వు కాదు. నిన్ను పంపినోలం మేం. మేమే ఊడవాల."

నన్ను గుమ్మం బయట నిలబెట్టి గదంతా ఊడ్చింది, నీళ్ళు చల్లి తుడిచింది. కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది. కూతురు గోడ పట్టుకుని మెల్లగా లేచి, లోపలికి వెళ్తూ నా దగ్గర ఆగింది.

"నడుం ఇరిగిపోతంది టీచరమ్మా. ఒక్క ఫోను సెయ్యడానికి నీకేటి రోగం?"

నవ్వుతూనే అంది. గుమ్మం దాటేటప్పుడు మాత్రం నొప్పికి పెదవి కొరుక్కుంది. ఆమె లేచిన చాప మీదే కూలబడ్డాను. పలచటి చాప. కింద గచ్చు గట్టిగా తగిలింది. నాలుగు రోజులు ఆ పిల్ల దాని మీదే పడుకుంది, నేను చీపురుపల్లి చేరానో లేదో తెలియక.