దోచులా దారిలో ముందు సీటు

సింగపూర్ యీషున్‌లో మా ఫ్లాట్ కిటికీలోంచి చూస్తే ఎదుటి బ్లాకు తప్ప మరేమీ కనబడదు. మా ఆవిడ పద్మకి మంచు కొండలు చూడాలని ఎప్పటినుంచో కోరిక. తీరా చూస్తే తిరుమల ఘాట్ రోడ్డుకే కడుపులో తిప్పే మనిషి. సాఫ్ట్‌వేర్ పనులు పోటెత్తిన ఆ రోజుల్లో రాఫెల్స్ ప్లేస్‌ ఆఫీసుల్లో పనిచేసే మాలాంటి వాళ్లకి సెలవు దొరకడమే గగనం. నాకు వారం దొరికిందనగానే, "ఏమైతే అదయింది, భూటాన్ పోదాం పదండి" అంది.

అమ్మాయిని కూడా తీసుకుని రాత్రి చాంగీ విమానాశ్రయంలో ఎక్కి, కలకత్తాలో విమానం మారి, మర్నాడు పారోలో దిగాం. కొండల మధ్య ఇరుకు లోయలోకి విమానం ఒంగి దిగుతుంటే పద్మ నా చెయ్యి వదల్లేదు. మన ఇండియా వాళ్లకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు చూపిస్తే పర్మిట్ ఇస్తారు. ఆ రాత్రి థింపూలో బస. చీజ్‌లో పచ్చిమిరపకాయలు ఉడికించి అదే కూరగా వడ్డించారు. గుంటూరు వాళ్లం, మాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

పొద్దున ఎనిమిదింటికి టాక్సీ స్టాండుకి వెళ్లాం. మంచు కొండలు కనబడే దోచులా కనుమ మీదుగా పునాఖా వెళ్లే షేర్ టాక్సీలు అక్కడే దొరుకుతాయి. ముందు సీటయితే పద్మకి కాస్త నయం. బండి నిండేలోపు టీ తాగొద్దామని ఆ సీట్లో టిష్యూ ప్యాకెట్ పెట్టాను. సింగపూర్ హాకర్ సెంటర్లో, అదే ఫుడ్ కోర్టులో, అలా 'చోప్' చేస్తే, అంటే సీటు పట్టేస్తే, ఇక ఆ చోటు ఎవరూ ముట్టుకోరు. తిరిగొచ్చేసరికి ఒక ముసలమ్మ ఆ సీట్లో కూర్చుని, ప్యాకెట్ పైకెత్తి వచ్చేపోయేవాళ్లకల్లా చూపిస్తోంది.

"ఎవరో మరిచిపోయారని అందరినీ అడుగుతోంది," అన్నాడు డ్రైవరు హిందీలో.

"బట్ వీ చోప్డ్ ఇట్ లా!" అంది మా అమ్మాయి మేఘన.

"ఊరుకోవే, పెద్దావిడ," అని పద్మ వెనక ఎక్కేసింది. నేనూ సీటు అడగలేకపోయాను. ప్యాకెట్ తీసుకుని థ్యాంక్స్ చెప్పి ఎక్కాను!

దారంతా మలుపులే. పైకి పోయేకొద్దీ అడవి చిక్కబడింది. చెట్లు చూడడంలో పడి, పద్మ ముఖం పాలిపోవడం ఆలస్యంగా గమనించాను.

"నావల్ల కాదండీ, వెనక్కి పోదాం," అంది.

ముసలమ్మ వెనక్కి తిరిగి చూసి బండి ఆపించింది. తనే దిగి, పద్మని రెక్క పట్టుకుని ముందు కూర్చోబెట్టింది. తర్వాత నా వైపు తిరిగి ఏదో మందలించింది.

"అడిగితే స్టాండులోనే లేచేదాన్ని కదా, అంటోంది," అన్నాడు డ్రైవరు. నిజంగా సిగ్గేసింది.

దోచులాలో మబ్బు విడింది. ప్రార్థనా జెండాల వెనక మంచు శిఖరాలు బారులు తీరి ఉన్నాయి. పద్మ కళ్లు తుడుచుకుంది.

చిన్న దేశం. చదును నేల తక్కువ, మనుషులు తక్కువ, అడవి మాత్రం కనుచూపు మేర. అడిగితే కాదన్నవాళ్లు మాకు తగల్లేదు.

తిరుగు విమానంలో పద్మ మ్యాపు విప్పింది. "ఈసారి ఇంకా తూర్పుకి పోదామండీ."

"అటంతా ఘాట్ రోడ్లేనే!"

"ఉండనివ్వండి. ముందు సీటు నేనే అడుగుతా."