సూరన్న ఒక్కొక్కటే మార్చి చూశాడు

ఆఁ, ఆర్యపల్లి సూరన్న దగ్గరే కదూ ఆపాను. మొన్న మీ బస్సు వచ్చేసింది గాని, లేకపోతే అప్పుడే చెప్పేసేదాన్ని. ఇంజన్లు బాగుచేసే సూరన్న అని మాత్రం అన్నాను, ఆయన మనవరాలు అమ్మడి సంగతి ఎత్తనే లేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ముందు మనిషి గురించి రెండు ముక్కలు. సూరన్న బడి మొహం చూడలేదు. మీసం రాకముందే విశాఖ వెళ్లి ఇరవై ఏళ్లు మరబోట్ల మీద పనిచేశాడు. తెలుగు చదవడం అక్కడే నేర్చుకున్నాడు, అదీ బస్సుల మీది బోర్డులు చూసి, బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కలు చూసి. నడుం పట్టేశాక ఊరొచ్చి, ఒడ్డునే తాటాకు పందిరి వేసుకుని బోట్ల ఇంజన్లు విప్పడం మొదలుపెట్టాడు. ఏ వస్తువైనా ఎందుకు పనిచెయ్యడం లేదో తెలిస్తే గాని ఆయనకి అన్నం సయించదు. పక్కింటి గోడగడియారం, అంగన్‌వాడీలో పిల్లల్ని తూచే మిషను, ఎవరూ అడక్కపోయినా విప్పేసేవాడు. చివరికి ఊళ్లో వాళ్లే ఆయన్ని బడి కమిటీలో వేశారు. అక్కడైతే ఇప్పడానికి ఏటీ ఉండదు గదా అన్నారట.

ఇది రెండువేల పదిహేనులో మాట. అమ్మడికి పదేళ్లు, అయిదో తరగతి. ఒడ్డు జనం మాట్లాడేది తెలుగే గాని, ఊరున్నది ఒడియా గడ్డ మీద, బడీ ఒడియాదే. వాళ్లమ్మ కాసమ్మ, అంటే సూరన్న కూతురు, రోజూ ఛత్రపూర్ వీధుల్లో చేపలమ్ముతుంది. అల్లుడు కేరళ బోట్ల మీద ఉంటాడు. దసరా సెలవులు మూడు వారాల్లోకి వచ్చాయనగా ఓ పొద్దున కాసమ్మ గంప ఎత్తుకోబోతూ తండ్రితో చెప్పింది.

"అయ్యా, ఈ పిల్లని ఇంకిక్కడ సదివించను. సెలవలయ్యాక ఇచ్ఛాపురం అంపిస్తాను. దాని మేనత్త, మా ఆడబొట్టి చిట్టమ్మ ఉంది గదా, దానింట ఉండి తెలుగు బడికెల్తాది."

"ఏల?"

"ఏలేటి. అయిదేళ్ల బట్టి ఎల్తంది, పేరు రాయడం రాదు. ఎడ్మాస్టర్ని అడిగితే ఒకటే మాట, తెలెంగా పిలా, ఒడియా ఎక్కట్లేదు అని. మన బాస కాదు గదా మరి."

తెలెంగా పిలా అంటే తెలుగువాళ్ల పిల్ల. హెడ్మాస్టరు శ్యామసుందర్ ఆ మాట చెడ్డగా అనేవాడు కాదు, జాలిగానే అనేవాడు. ఆ ఒడ్డున బడిలో వెనకబడ్డ ప్రతి పిల్లకీ ఆ మాటే. విన్న తల్లిదండ్రులు కూడా నిజమే కదా అని తల ఊపి ఇంటికి వెళ్లిపోయేవారు. ఆ పైన ఎవరూ ఏమీ అడిగేవారు కారు.

సూరన్న మాత్రం రెంచీ కింద పెట్టాడు.

"మన జగ్గన్న పిల్లలు నలుగురూ తెలెంగా పిల్లలే గదే. ఆళ్లకెలగ ఎక్కింది?"

"ఆళ్ల బుర్ర ఏరు," అనేసి కాసమ్మ గంప నెత్తినెత్తుకుని వెళ్లిపోయింది.

ఆ జవాబు సూరన్నకి చాల్లేదు. ఆయన పనికి ఒక పద్ధతుంది. ఇంజను కదలకపోతే అన్నీ ఒకేసారి మార్చడు. ముందు చమురు చూస్తాడు. అది బాగుంటే ప్లగ్గు మారుస్తాడు. ఇంకా కదలకపోతే పాత ప్లగ్గే మళ్లీ బిగించి మరోటి చూస్తాడు. రెండు సామాన్లు ఒకసారే మారిస్తే ఇంజను ఆడొచ్చు, తప్పు దేనిదో మాత్రం ఎప్పటికీ తెలియదంటాడు. ఇప్పుడు కాసమ్మ చేయబోయేది అదే. బడి మారుతుంది, భాష మారుతుంది, ఊరు మారుతుంది, అమ్మ కూడా ఎదురుగా ఉండదు.

అందుకని ఆ సాయంత్రం నుంచే మనవరాల్ని పట్టుకున్నాడు. మొదట కళ్లు. దూరంగా వస్తున్న బోటు చూపించి ఎవరిదని అడిగితే, ఈయనకి ఇంకా చుక్కలా కనిపిస్తున్నదాన్ని అమ్మడు యజమాని పేరుతో సహా చెప్పింది. తర్వాత చెవులు. ఇంజను చప్పుడు విని, అందులో ఒక దెబ్బ తప్పిపోతోందని ఆయనకంటే ముందు పట్టేసింది. తర్వాత జ్ఞాపకం. నెల కిందట ఏ బోటుకి ఏ చేప పడిందో వరసగా అప్పజెప్పింది.

"తాతా, నన్ను ఇప్పి సూత్తన్నావేటి?"

"ఇప్పకుండానే సూత్తన్నాను. కదలకుండా కూకో."

"కదిలితే ఏటవుద్ది?"

"మల్లీ మొదట్నించీ సూడాల."

ఇక మిగిలింది భాష. తడి ఇసక మీద పుల్లతో ప అని రాశాడు, పక్కనే వ, ఆ పక్కన మ. అమ్మడు చక్కగా దిద్దింది. పలకమంటే పలికింది. అల వచ్చి చెరిపేశాక మళ్లీ రాసి అడిగాడు. ఆ పిల్ల వాటిని ఎప్పుడూ చూడనట్టు చూసింది. వారం రోజులు అదే తంతు. ఇంట్లో రోజంతా మాట్లాడే భాష, ఆటలాడే భాష, తిట్టుకునే భాష, దాని అక్షరం కూడా నిలబడలేదు.

"మనిసిని ఒక పాలి సూత్తే మొకం గురుతుంటాది తాతా," అంది అమ్మడు. "అచ్చరానికి మొకం నేదు. నిన్న సూసిందే ఇయాల కొత్తగా కనబడతాది."

సూరన్న పుల్ల పారేశాడు. పరుగున ఇంటికి వెళ్లి కూతురికి చెప్పాడు. ఒడియాది తప్పు కాదే, తెలుగు కూడా ఎక్కట్లేదు, నేను చూశాను అని. ఆయన మొహంలో తప్పు ఎక్కడుందో దొరికిన సంబరం. వింటున్న కాసమ్మ మొహంలో అది లేదు.

"అయితే దానికి బుర్రే నేదంటావు."

"నానలగన్నానేటి?"

"మరేటి. ఒడియా రాదు, తెలుగూ రాదు. ఇచ్ఛాపురం ఎల్లి ఏటి సేత్తాది, చిట్టమ్మ చేత తన్నులు తినడానికా? ఇంక ఏ బడీ ఒద్దు. సెలవలయ్యాక నాతో గంప పడతాది."

ఒక వస్తువు విప్పినందుకు సూరన్న బాధపడడం అదే మొదలేమో. ఇచ్ఛాపురం తప్పింది, దానితో బడీ తప్పేలా ఉంది. అమ్మడు గుమ్మంలో కూర్చుని అంతా విన్నది. లేచి గంప కడగడానికి వెళ్లిపోయింది. అది ఆయనకి మరీ కష్టమనిపించింది.

బ్లాక్ ఆఫీసు నుంచి నెలకి రెండుసార్లు కూర్మారావు అనే మాస్టారు స్కూటరు మీద వచ్చేవాడు. ప్రత్యేకంగా చూసుకోవలసిన పిల్లల కోసం వేసిన ఉద్యోగం అతనిది. అతని జాబితాలో చూపు లేనివాళ్లు, వినికిడి లేనివాళ్లు, నడవలేనివాళ్లు ఉండేవారు. అమ్మడి పేరు ఎక్కడా లేదు. సూరన్న పందిరి ముందే స్కూటరు ఆపించాడు.

"మాస్టారూ, కళ్లు బాగున్నాయి. సెవులు బాగున్నాయి. గ్యాపకం నాకంటే బాగుంది. అచ్చరం ఒక్కటే నిలబడదు. ఒడియాదీ నిలబడదు, తెలుగుదీ నిలబడదు. ఇదేం రోగం?"

కూర్మారావు హెల్మెట్ తీశాడు. "తెలుగు కూడా చూశావా?"

"సూసాను."

"చూడమని ఎవరు చెప్పారు?"

"ఎవులు సెప్పాల బాబూ. ఒకటి మారిత్తే గదా రెండోదాని తప్పు తెలిసేది."

కూర్మారావు ఇంజను పెట్టె మీద కూర్చుండిపోయాడు. తనకి ట్రైనింగులో ఇదే చెప్పారు, ఇంటి భాషలో కూడా చదివించి చూడాలని. ఇన్నేళ్లుగా ఈ ఒడ్డున తిరుగుతున్నాడు, తెలుగు పిల్లలు కదా అని తను కూడా ఎన్నడూ చూడలేదు. ఆ మాట దాచుకోకుండా చెప్పాడు. ఇది రోగం కాదనీ, ఇలాంటి పిల్లలు ప్రతి బడిలో ఒకరో ఇద్దరో ఉంటారనీ, అక్షరానికి వాళ్లు వేరే దారిన వస్తారనీ చెప్పాడు. దానికో పొడుగు పేరుందన్నాడు.

"పేరు నాకెందుకు. దారి ఉందా?"

"ఉంది. బాగా నెమ్మది."

"నెమ్మదైతే పరవానేదు. ముందు పిల్లకి బుర్రుందని దానమ్మకి సూపించాల. సెలవలకి ఇంక పది రోజులే ఉంది."

సెలవుల ముందు బడిలో పరీక్ష ఉంది. ఇద్దరూ కలిసి శ్యామసుందర్ దగ్గరకి వెళ్లారు. ప్రశ్నలు పైకి చదవండి, పిల్ల నోటితో చెబుతుంది అన్నాడు కూర్మారావు. ఇద్దరు మాస్టర్లతో అయిదు తరగతులు లాక్కొస్తున్న శ్యామసుందర్, పరీక్ష అంటే రాయడం కదా బాబూ అని గొణిగాడు గాని, వద్దనలేదు. సరే, పర్యావరణం పేపరు ఒక్కటి అలా చూద్దామన్నాడు. కాసమ్మని కూడా రమ్మన్నారు. ఆమె చేపలమ్ముకుని వచ్చి, ఖాళీ గంప చంకన పెట్టుకుని వరండాలో నిలబడింది. లోపలికి రమ్మంటే, చేపల వాసనొస్తాది, ఇక్కడే ఉంటాను అంది.

శ్యామసుందర్ మొదటి ప్రశ్న ఒడియాలో చదివాడు. వాన ఎలా పడుతుంది? అమ్మడు తాతవైపు చూసింది. ఆయన ఇంజను చప్పుడు వినేటప్పుడు కూర్చున్నట్టు తల ఒక పక్కకి వంచి కూర్చున్నాడు. అమ్మడు చెప్పడం మొదలుపెట్టింది. సముద్రం మీద ఎండ, ఆవిరి, మబ్బు, కొండ, వాన, అంతా చెప్పింది. రెండో ప్రశ్న మన జిల్లాలో సముద్రంలో కలిసే నది గురించి. రుషికుల్యా అని చెప్పి ఊరుకోలేదు, ఆ ఏటి మొగ ఈసారి ఇసకమేట వేసి ఏ పక్కకి జరిగిందో కూడా చెప్పింది. శ్యామసుందర్ కాగితం బల్ల మీద పెట్టేసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఈ పిల్ల ఒడియా మాట్లాడుతోంది," అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

అదీ మామూలు ఒడియా కాదు. ఛత్రపూర్ ఇల్లాళ్లతో గుమ్మం ముందు నిలబడి బేరమాడితే వచ్చే ఒడియా, నిగనిగలాడుతూ ఉంది.

వరండాలోంచి కాసమ్మ అంది, "మాటాడక ఏటి బాబూ, నడక వొచ్చిన కాణ్ణించీ నాతో ఈదులన్నీ తిరిగింది గదా." అని, ఒక్కసారి ఆగిపోయింది. అయిదేళ్లుగా ఈ పిల్లకి ఒడియా రాదని తలూపినది కూడా తనే. బడిలో ఎప్పుడూ పలకే అడిగారు, కాగితమే అడిగారు. నోటిని ఎవరూ అడగలేదు.

పదిలో ఏడు చెప్పింది అమ్మడు. ఒకటి తప్పింది. ఒకటి తెలీదంది. ఇంకొకటి, ఎండుచేప ఎందుకు చెడదన్న దానికి పుస్తకంలో ఉన్న జవాబు చాలదనీ, గాలి ఏ దిక్కునించి వీస్తోందో కూడా చూడాలనీ వాదించింది. దానికి మార్కు వెయ్యాలా వద్దా అని మాస్టర్లిద్దరూ అక్కడే మాట్లాడుకోసాగారు.

కాసమ్మ గంప కింద పెట్టి, మొదటిసారి గది లోపలికి వచ్చింది.

"గంప నానే పడతాన్లే, ఇది బడికే ఎల్తాది. దసరాకి చిట్టమ్మనే ఇక్కడికి రమ్మంటాను," అంది తండ్రితో. కొంగుతో అమ్మడి మొహం మీది చెమట తుడిచింది.

ఆ తర్వాతే అసలు చాకిరీ. ఒడియా అక్షరాలు చూశారు కదా, చాలావాటి నెత్తిన ఒకే రకం గొడుగుంటుంది. తేడా అంతా గొడుగు కింద ఉంటుంది. కూర్మారావు అది చెప్పగానే సూరన్నకి కొత్త పని దొరికింది. ఇంజన్లో సందులు మూయడానికి వాడే మందపాటి రబ్బరు షీటు తెచ్చి, గొడుగులు లేకుండా కింది ముక్కలు మాత్రమే కత్తిరించాడు. అమ్మడు కళ్లు మూసుకుని వాటిని వేళ్లతో తడిమేది. వారానికి ఒక్క అక్షరం, అంతకు మించి లేదు. అక్షరానికి ఇప్పుడు మొహం వచ్చిందా అని తాత అడిగితే, ముక్కొచ్చింది, కళ్లింకా రాలేదు అనేది. జగ్గన్న కూతురు పాఠాలు పైకి చదివితే విని నేర్చుకునేది. ఏడో తరగతికి వచ్చేసరికి వేలు పెట్టుకుని, ఆగి ఆగి, సొంతంగా ఒక పేజీ చదివింది. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతుంది. రాతలో తప్పులు పోలేదు, పోవు కూడానట.

ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. వచ్చే ఏడాది మెట్రిక్. మొన్న బరంపురంలో సూరన్న కనబడ్డాడు, కాసమ్మ కూడా వెంట ఉంది. ఇలాంటి పిల్లలకి ప్రశ్నలు చదివి పెట్టే మనిషిని ఇస్తారట, ఎక్కువ సమయం ఇస్తారట, నిజమేనా అని, బడి సంగతులు తెలిసినదాన్నని నన్ను అడిగారు. నిజమే, దానికి డాక్టరు కాగితం కావాలి, అది బడి ద్వారా పైకి వెళ్లాలి అన్నాను. ఎప్పటిలోగా వెళ్లాలో నాకు సరిగా తెలీదు. హైస్కూల్లో హెడ్మాస్టరు కొత్తవాడు. అమ్మడు గలగలా మాట్లాడుతుంటే విని, ఈ పిల్లకి ఏం లోటని కాగితం అన్నాడట. చూడండి, ఒకప్పుడు నోటి మాట వినక పిల్ల చదువు పోగొట్టబోయారు, ఇప్పుడు నోటి మాట మాత్రమే విని పోగొట్టేలా ఉన్నారు. కూర్మారావుకి పాత్రపూర్ బదిలీ అయింది, కాని అమ్మడి పాత కాగితాలన్నీ అతని చేతిరాతే. అతని నంబరు నా దగ్గరుంది. మీరు ఆ చేగోడీలు తింటూ ఉండండి, బడి వదిలే వేళయింది, ముందు అతనికి ఫోన్ చేసేస్తాను.